రెండు వైపులా నిండిన క్యాసెట్

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఒక కంపెనీ వాళ్లు నెలకోసారి కచేరీ పెట్టించేవారు. వచ్చిన కళాకారుల్ని సాఫ్ట్‌వేర్ పిల్లలకు పరిచయం చేసే పని నాది. ఒక నెల జాజ్ శాక్సఫోన్, ఇంకో నెల కర్ణాటక గాత్రం. శాక్సఫోన్ అతను ప్రాణం పెట్టి ఊదుతుంటే సినిమా పాట కొట్టమని వెనకనుంచి అరిచారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా మానలేదు, ఒక్కరైనా వింటారని పిచ్చి ఆశ.

ఒక నెల పాడాల్సిన ఆమె జీడిమెట్లలో పిల్లలకు సంగీతం చెప్పేది. భర్తకు అక్కడే మందుల ఫ్యాక్టరీలో పని. ఆమెకు గొంతులో గడ్డ. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ మాట, పాట దక్కవని దవాఖానలో తేల్చేశారు. అప్పటిదాకా ఆమె పాట ఎక్కడా రికార్డు కాలేదు.

“అన్నా, జర మంచిగ క్యాసెట్ చేపియ్యి. ఇగ మల్ల పాడేది లేదు. నా బిడ్డ చిన్నది, నా గొంతు దానికి యాదికుండదు,” అంది.

పాట మొదలయ్యాకే రికార్డు నొక్కమని మైకుల అతనికి దగ్గరుండి చెప్పాను. వింటేగా! మన సభల్లో సన్మానం ముందు, సంగీతం తర్వాత. ముఖ్య అతిథి తొందరగా వెళ్లిపోవాలి కదా మరి. పెద్దల మాటలు పోగొడితే తిడతారని అతని భయం. దీపం వెలిగించగానే నొక్కేశాడు. మధ్యలో క్యాసెట్ తిప్పి పెట్టి చాయ్‌కి పోయాడు. వేదిక మీద ఉన్న నాకు ఇదేమీ తెలియదు.

అతిథులు నగరం ఎలా వెలిగిపోబోతోందో చెబుతూనే ఉన్నారు. ఆమె శాలువా కప్పుకుని, నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. చివరికి నా వంతొచ్చింది. రెండు ముక్కల్లో ముగించాను.

అబ్బ, ఏం పాడిందని! తోడి ఆలాపనలో గొంతు జీరబోయిన చోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పైకి వెళ్లింది. కంపెనీ బస్సుల టైమైందని కుర్చీలు ఖాళీ అవుతున్నా కళ్లు తెరవలేదు. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆపరేషన్ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. “నువ్వొచ్చినంక అందరం కలిసి ఇందామని దాచినం అన్నా,” అని ఆమె భర్త క్యాసెట్ పెట్టాడు. మెడకు కట్టుతో ఆమె పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

ఒకవైపంతా ఉపన్యాసాలు. “ఏంది, పాటేది?” అంటూ భర్త తిప్పి పెట్టాడు. అటువైపూ ఉపన్యాసాలే. ఆఖర్న నా గొంతు వచ్చింది: “ఇప్పుడు వీరి పాట వినండి.” తంబూర మోగింది. ఆమె ‘సా’ అందుకుంది. టేపు అయిపోయింది.

ఆ మైకుల అతన్ని చంపెయ్యాలనిపించింది. ఆమె క్యాసెట్‌ని కొంచెం వెనక్కి తిప్పింది. పాపను టేప్‌రికార్డర్ దగ్గరికి జరిపి, ఆ ‘సా’ మళ్లీ వినిపించింది.