పూవుతో మలిపిన కొవ్వొత్తి

నిన్న పూజలో మల్లెపూవొకటి దీపానికి తగిలి కమిలింది. ఆ వాసనకు ఎనభైల్లో నాగ్‌పాడాలోని మా కాన్వెంటు బడి గుర్తొచ్చింది.

ఆ రోజు పదో తరగతి అక్కలకు వీడ్కోలు. ప్రార్థన అయ్యాక, చేతుల్లోని కొవ్వొత్తులను ఊది ఆర్పమన్నారు సిస్టర్. అందరూ ఊదారు, కామాఠీపురాలో మేముండే వరస గదుల చాల్‌లోనే ఉండే తెరీసా తప్ప. వాళ్ల నాన్న ఓడ మీద పనికి గల్ఫ్ వెళ్లాడు. అక్కడ యుద్ధం నడుస్తోంది.

అదే తరగతిలో ఉన్న మా అక్క తన జడలోంచి ఒక మల్లెపూవు తెంపి ఇచ్చింది.

“నోటితోని ఊదకే. పూవుతోని మలుపు. గట్లయితే దీపం పోయినట్టు గాదు, పండుకున్నట్టు.”

తెరీసా ఏడుస్తూనే నవ్వి, పూవును మంటకద్ది మలిపింది. అది చూసి మిగతా అక్కలంతా కొవ్వొత్తులు మళ్లీ వెలిగించుకుని పూలకోసం చేతులు చాచారు. అక్క జడ బోసిపోయింది.

పండుకున్నది లేవాలి కదా! రోజూ పొద్దున్నే తెరీసా వాళ్ల గదిలోకి తొంగిచూసేదాన్ని.

“లేచిందా అక్కా?”

“ఇంకా లేవలే.”

వానాకాలంలో ఒక పొద్దున మరియమ్మ పటం ముందు ఆ కొవ్వొత్తి వెలుగుతోంది. కింద చాప మీద, రాత్రే ఓడ దిగొచ్చిన వాళ్ల నాన్న గాఢనిద్రలో ఉన్నాడు.

తెరీసా చేతిలో అగ్గిపెట్టె ఉన్నట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు మాత్రం దీపం దానంతటదే లేచిందని చాల్ అంతా తిరిగి చెప్పొచ్చాను. ఒక్కరూ కాదనలేదు.