ఇర్యా వీపు మీది మచ్చ

సైమీది ఒకసారి పట్టుకుంటే వదలని పట్టు. సరస్సు ఒడ్డున ఊరందరికీ కలిపి ఉన్న ఆవిరిస్నానాల గది సౌనాలో శనివారం శనివారం పొయ్యి రాజేసేది ఆవిడే. తడికట్టెలు తెచ్చినవాడు ఎంతటివాడైనా సరే, గుమ్మంలోంచే తిప్పి పంపేది. ముందు ఆడవాళ్ల వంతు, తర్వాత మగవాళ్లది. ఆవిరిలో కూర్చున్నాక ఒకరి ఒంటి గురించి ఇంకొకరు మాటెత్తకపోవడం అక్కడి మర్యాద. మచ్చలూ మడతలూ అందరికీ కనిపిస్తాయి, ఎవరూ చూసినట్టుండరు.

ఆ మర్యాదే తన తమ్ముణ్ని పొట్టన పెట్టుకుందని సైమీకి కడుపుమంట. ఆ తమ్ముడి పేరు తైస్తో, ఒంటరివాడు. వీపు మీది మచ్చ తనకు కనబడదు, చూసి చెప్పే భార్య లేదు. ఆ మచ్చే కాన్సరై పోయిన అతణ్ని సమాధి చేసి వచ్చి కాఫీ తాగుతుంటే, అతని స్నేహితుడు వెయిక్కో తల వంచుకుని చెప్పాడు.

"అది నల్లగా పాకడం సౌనాలో మేమంతా చూస్తూనే ఉన్నాం అక్కా. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాం."

సైమీకి చేతిలో కప్పు అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు, అంతే.

మరుసటి వేసవి చివర, సౌనాలో చిన్ననాటి స్నేహితురాలు ఇర్యా వీపు రుద్దుతుంటే సైమీ చెయ్యి ఆగింది. భుజం కింద కందిగింజంత గుండ్రంగా ఉండే పుట్టుమచ్చ ఒక పక్కకు సాగింది. అంచు వంకరటింకరగా ఉంది, గోధుమరంగులో నలుపు కలిసింది.

"ఇర్యా, ఈ మచ్చ మారిందే. డాక్టరుకు చూపించు."

పై బల్ల మీది ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

"ఇక్కడా ఈ మాటలు? పుట్టినప్పట్నుంచీ ఉన్నదే! నొప్పా పాడా?"

"నొప్పి నా తమ్ముడికీ లేదు."

"అడవిలో బెర్రీలు పండి ఉన్నాయి. అవి ఏరుకున్నాక చూద్దాంలే."

"నువ్వు వెళ్లేదాకా నేను పొయ్యి రాజెయ్యను."

"బెదిరిస్తున్నావుటే?"

"అవును."

తర్వాతి శనివారం సౌనా పొగగొట్టం లోంచి పొగ రాలేదు. ఊరు ఊరంతా ఇర్యా మీద విరుచుకుపడింది. సణుక్కుంటూనే వెళ్లిందామె, సైమీని వెంటబెట్టుకుని.

డాక్టరమ్మ భూతద్దంతో చూసింది. చాలా మచ్చలు ఏమీ చెయ్యవనీ, మారుతున్నదాన్నీ మిగతావాటితో పోలికలేనిదాన్నీ మాత్రం వెంటనే చూపించాలనీ చెప్పి, మచ్చను కోసి పరీక్షకు పంపింది. చెడ్డదేనని తేలింది. కానీ లోతుకు దిగలేదు. చుట్టూ ఇంకాస్త తీస్తే సరిపోయింది.

కబురు తెలిసినరోజు ఇర్యా సైమీని కావలించుకుని ఏడ్చింది. సైమీకీ ఏడుపొచ్చింది, తైస్తో కోసం.

ఇర్యా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పట్నుంచీ పొయ్యి మళ్లీ రాజుకుంటోంది. ఆ శనివారం మగవాళ్లంతా లోపలికి వెళ్లాక సైమీ తలుపు దబదబా బాదింది.

"వేడిరాళ్ల మీద నీళ్లు పోసే ముందు ఒకరి వీపు ఒకరు చూసుకోండి. మచ్చ మారితే నోరు విప్పి చెప్పండి. లేకపోతే వచ్చేవారం చన్నీళ్లే!"

సైమీ అక్కణ్నుంచి కదల్లేదు.

చివరికి వెయిక్కో గొంతు వినిపించింది. "ఇటు తిరగరా, చూస్తాను."