పిడి తీసేసిన కుళాయి

ఐలర్ట్ ఓడలో వంటవాడిగా పనిచేసినన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి జోలికి వెళ్ళలేదు. "లోకానికంతా వండి వచ్చాను, ఇక్కడ నువ్వు ఏం పెడితే అది తింటాను" అనేవాడు భార్యతో. గిన్నెలు మాత్రం తనే కడిగేవాడు. ఓడ తమ ఊరు క్రిస్టియన్‌సుండ్ రేవులో ఆగిన రోజున, సంచీ గుమ్మంలో పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, కోటు కూడా తగిలించకుండా తిన్నగా సింకు దగ్గరికి పోయేవాడు. కడుగుతున్నంతసేపూ పాడుతూనే ఉండేవాడు. గొంతు బాగుండేది కాదు. ఆ పాటా, గిన్నెల మోతా కింది అంతస్తులో ఉండే హాల్డిస్‌కి వినపడేవి.

"మీ ఆయన ఊళ్ళోకి వచ్చాడని రేవులో వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుందే అమ్మాయ్" అని ఆవిడ మెట్ల మీద గున్‌వోర్‌ని ఆటపట్టించేది. గున్‌వోర్ ఉప్పు చేపల గిడ్డంగిలో పనిచేసేది. సాయంత్రం దాకా చేతులు ఉప్పునీటిలో నానేవి కాబట్టి, ఇంట్లో ఇంకొకరు నీళ్ళలో చెయ్యి పెడతానంటే ఆమెకి అంతకంటే కావలసింది లేదు.

ఉద్యోగం మానేసిన కొన్నాళ్ళకి ఐలర్ట్‌కి మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత రేవు నుంచి ఇంటికి దారి పోయింది. హాల్డిస్‌తో పేకాట ఆడుతూ ఆడుతూ, ముక్కలు చేతిలో పట్టుకుని "వీటినేం చెయ్యాలి?" అని అడిగిన రోజున, ఆవిడ తన ముక్కలు కూడా బల్ల మీద బోర్లించి, ఏదో పనుందని కిందికి వెళ్ళిపోయింది. డాక్టరు జబ్బుకి పేరు చెప్పాడు. పేరు తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు.

అన్నీ పోతున్నా గిన్నెలు కడగడం పోలేదు. బంగాళాదుంపలూ చేపా తినగానే లేచి, చేతులు మడిచి, సింకు ముందు నిలబడేవాడు. ఆ కాసేపు వెనకనుంచి చూస్తే అతను మునుపటి మనిషే. గున్‌వోర్ కాఫీ కప్పు పట్టుకుని ఆ వీపు వైపే చూస్తూ కూర్చునేది.

మొదటిసారి నీళ్ళు పొంగినప్పుడు ఆమె రొట్టె కొనడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి హాల్డిస్ మెట్ల మీద ఎదురొచ్చింది, చేతిలో పెద్ద గిన్నె.

"వర్షం బయట పడుతోందా, నా వంటింట్లో పడుతోందా? ఒక్కసారి పైకెళ్ళి చూడు" అంది.

సింకు నిండి, అంచు మీదుగా నీళ్ళు అల్మారాల ముందు నుంచి నేలకి జారుతున్నాయి. ఎక్కువైన నీళ్ళు పోవడానికి సింకు గోడకి ఒక కన్నం ఉంటుంది. ఐలర్ట్ దాన్లో గుడ్డ కుక్కాడు. తను చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, ఒకే పళ్ళేన్ని మళ్ళీ మళ్ళీ తోముతున్నాడు.

"కన్నంలోంచి నీళ్ళు దండగైపోతున్నాయే" అన్నాడు ఆమెని చూసి, ఎంతో ఒద్దికగా.

ఆ నీరు తుడిస్తే పోలేదు. నేల చెక్కలు ఉబ్బి అంచులు పైకి లేచాయి. అల్మారాల అడుగున ఎవరికీ కనపడని చోట తడి నిలిచి, వంటగదంతా పాత నేలమాళిగ వాసన వేసింది. ప్లంబరు ఇదార్ వచ్చి అడుగుపలకలు ఊడదీశాడు. తడి ఆరడానికి పెట్టిన పంకా వారాల తరబడి హోరెత్తింది. ఆ తర్వాత ఇదార్ సింకు చుట్టూ సందులు పూడ్చాడు, గిన్నెలు కడిగే మెషిను కింద అంచులున్న పళ్ళెం పరిచాడు, సింకు కింద నేల మీద తీగతో ఒక చిన్న బిళ్ళ అమర్చాడు. దానికి తడి తగిలితే చాలు, కూత పెట్టి గొట్టంలో నీళ్ళు ఆపేస్తుంది.

ఐలర్ట్ పక్కనే నిలబడి అంతా చూశాడు. "నువ్వు ఏ ఓడలో పనిచేస్తావు?" అని అడిగాడు.

"ఇదే ఓడ అండీ" అన్నాడు ఇదార్ నవ్వుతూ, "కారుతోందంటే వచ్చాను."

ఆ జవాబు ఐలర్ట్‌కి నచ్చింది. గున్‌వోర్ కూడా నవ్వింది. ఇక భయం లేదనుకుంది.

కానీ గిన్నెలు కడిగేవాడి చేతుల్లోంచి నాలుగు చుక్కలు కింద పడకుండా ఉంటాయా? అల్మారా తలుపు సందులోంచి ఒక్క చుక్క దిగినా బిళ్ళ కేక పెట్టేది. ఆ కేక ఐలర్ట్ చెవికి ఓడలో ప్రమాదం గంటలా తోచింది. సబ్బు నురగ చేతులతోనే భార్య భుజాలు పట్టుకుని గుమ్మం వైపు నెట్టాడు.

"పడవలోకి! పడవలోకి పద! కోటు తర్వాత చూసుకుందాం!"

"ఐలర్ట్, ఇది ఇల్లు. మనిల్లు. వదులు నన్ను."

"మాట్లాడకు, ముందు ఆడవాళ్ళు!"

మెట్ల దాకా లాక్కెళ్ళాడు. అతని కళ్ళలో నిజమైన భయం ఉంది. తానెవరో అతనికి తెలియకపోయినా తనని ముందు దాటించాలని చూస్తున్నాడని ఆమెకి అర్థమై, రెయిలింగు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఇలా పదే పదే జరిగింది. ఆమె సింకు కింద తువ్వాళ్ళు పరిచింది, అతని పక్కనే నిలబడి చుక్క చుక్కా తుడిచింది. "వెనక ఎవరో ఒకరు నిలబడితే నాకు పని సాగదు" అని అతను విసుక్కున్నాడు.

చివరికి ఒకనాడు ఆమె బట్టలు ఆరేస్తుండగా, అతను కత్తెరతో తీగ కత్తిరించేశాడు. బిళ్ళని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, చెంచాల సొరుగులో పెట్టాడు. తర్వాత కుళాయి తిప్పి, తిప్పిన సంగతి మరిచిపోయి, కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి, మొదటి తడి తర్వాత హాల్డిస్ వంటింటికి కొత్తగా వేయించుకున్న పైకప్పు ముక్కలై పొయ్యి మీద పడింది. ఆవిడ పైకి వచ్చింది. జుట్టు నిండా సున్నం.

"నేను ఆ పొయ్యి దగ్గర నిలబడి ఉంటే ఏమయ్యేది? చెప్పు!"

"తప్పు నాదే హాల్డిస్. ఒక్క నిమిషం చూడలేదు..."

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం! నువ్వు మాత్రం ఎన్ని నిమిషాలని కాస్తావే? నీ మొహం అద్దంలో చూసుకున్నావా? నాకు ఐలర్ట్ అంటే ప్రేమ లేక కాదు. ఈ మెట్ల మీద నాకు నవ్వు తెప్పించిన మనిషి ఇంకొకడు లేడు. కానీ ఇంక నావల్ల కాదు. ఆ నీళ్ళన్నా కట్టెయ్, ఆయన్నన్నా వంటింట్లోకి రానివ్వకు."

గున్‌వోర్ నీళ్ళు కట్టేసింది. సింకు కింద గొట్టం మూసి, అది చాలదేమోనన్న భయంతో కుళాయి పిడి కూడా విప్పి దాచింది. వంటకి కావలసిన నీళ్ళు స్నానాల గది నుంచి కూజాతో మోసుకునేది. అక్కడ నేలకి తూము ఉంది, పొంగినా ఫర్వాలేదు. గిన్నెలు అక్కడే కడుక్కోమని ఐలర్ట్‌ని తీసుకెళ్ళింది.

"స్నానం చేసే చోట అన్నం గిన్నెలా?" అతను అసహ్యంగా చూశాడు. "కెప్టెన్ చూస్తే ఇద్దర్నీ దింపేస్తాడు."

సింకులో తొట్టితో నీళ్ళు పెట్టి ఇచ్చింది. మొదట బాగానే ఉంది. రెండు కప్పులు కడిగాడు, పాట అందుకున్నాడు. గున్‌వోర్ ఊపిరి పీల్చుకుంది. అంతలో తొట్టి ఎత్తి, ఆ సబ్బునీళ్ళని నేలంతా పారేలా గుమ్మరించి, చీపురు కోసం వెతకసాగాడు. ఓడ డెక్కు కడుగుతున్నాననుకున్నాడు. ఆమె బట్టల మీద వేసుకున్న గౌను విప్పి నేల మీద వేసి, మోకాళ్ళ మీద పడి అద్దుతూ, "చాలు, చాలు, చాలు" అని అరిచింది. అతను తొట్టి కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, తప్పు చేసిన నౌకరులా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మర్నాటి నుంచి తొట్టి లేదు.

తిన్న తర్వాత లేచి సింకు దగ్గరికి వెళ్ళేవాడు. పిడి ఉండాల్సిన చోట వేళ్ళతో తడిమేవాడు. ఉత్త ఇనప మొన. దాన్నే తిప్పేవాడు. కాసేపటికి తిరిగొచ్చి కూర్చునేవాడు. అడగలేదు, తిట్టలేదు. అడిగితే బాగుండునని ఆమె ఎదురుచూసింది.

కొన్ని వారాలకి తినడం మానేశాడు. వేడి చేప పళ్ళెంలో పెట్టి ముందుంచితే, పళ్ళేన్ని ఆమె వైపు మెల్లగా జరిపాడు.

"ఆకలి లేదా?"

"ఉంది."

"మరి తిను."

"నీళ్ళయిపోయాయి కదా ఓడలో" అన్నాడు గొంతు తగ్గించి, పక్కవాళ్ళకి వినపడకూడదన్నట్టు. "కడగడానికి లేనప్పుడు పళ్ళెం మురికి చెయ్యకూడదు. నువ్వు కొత్తగా చేరినట్టున్నావు. రేవు వచ్చేదాకా ఓర్చుకోవాలి."

ఆమె కాగితం మీద పెట్టి ఇచ్చింది, చేత్తో తినిపించింది. ఒకటి రెండు ముద్దలు తీసుకునేవాడు, మిగతాది "కుర్రాళ్ళకి ఉంచు" అనేవాడు. చొక్కా భుజాల మీద వేలాడసాగింది. కుళాయి తిరిగి బిగిద్దామని ఆమె ఒకరోజు పిడి బయటికి తీసింది. కింద హాల్డిస్ వంటింట్లో పనివాళ్ళు పైకప్పు వేస్తున్న సుత్తి చప్పుడు వినపడింది. పిడిని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, మళ్ళీ దాచేసింది.

వసంతంలో వృద్ధుల సంరక్షణ ఇంట్లో చోటు ఖాళీ అయిందని కబురొచ్చింది. హాల్డిస్ కారులో ముగ్గురూ వెళ్ళారు. అక్కడ వంటింటికి తాళం ఉంటుంది, గిన్నెలు ఎక్కడో వెనక తోముతారు. మనుషుల ముందుకి కడిగిన పళ్ళేలే వస్తాయి. ఐలర్ట్ తిన్నాడు. రేవు వచ్చిందనుకున్నాడో, నీళ్ళయిపోయిన సంగతే మరిచిపోయాడో ఎవరికి తెలుసు.

ఇంట్లో నేల కొత్తగా వేశారు. ఇదార్ వచ్చి గొట్టం తెరిచి, పిడి బిగించి, కొత్త బిళ్ళ అమర్చి వెళ్ళాడు. అది ఒక్కసారీ కూత పెట్టలేదు. అల్మారాల కింద పొడిగా ఉంది. గున్‌వోర్ తన ఒక్క పళ్ళేన్నీ మెషినులో పెట్టి, అది నిండేదాకా రోజుల తరబడి వదిలేసేది.

శరదృతువులో ఒక మధ్యాహ్నం ఐలర్ట్‌ని చూడటానికి వెళితే, అక్కడ పనిచేసే అమ్మాయి నడవాలో ఎదురొచ్చి, మంచి మాట చెబుతున్న సంతోషంతో అంది:

"మీ ఆయన అసలు ఏ ఇబ్బందీ పెట్టరండీ. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటారు. ఉన్నట్టే తెలియదు."

గున్‌వోర్ తల ఊపి లోపలికి వెళ్ళింది. అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని, అతను సింకు దగ్గర పాడే ఓడ పాట ఒకటి మెల్లగా అందుకుంది. రెండో చరణం తనకీ గుర్తు రాలేదు. అతను ఆమె వైపు మర్యాదగా చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు.