టూర్ల బాలలక్ష్మి చైనా ఓడ ఎక్కిన ముచ్చట

సిద్దిపేటల పాత బస్టాండు వెనుక గల్లీలకు పోయి ఎవలనడిగినా టూర్ల బాలలక్ష్మి ఇల్లు చూపిస్తరు. ఇరవై రెండేండ్ల సంది ఆమె బస్సు మాట్లాడి జనాన్ని తిప్పుతున్నది. మొదటిసారి వాడకట్టు ఆడోళ్లను పదిహేను మందిని వెంటబెట్టుకొని తిరుపతి పోయొచ్చింది. వాళ్లు తిరిగొచ్చి పదిమందికి చెప్పిన్రు. అంతే, ఆ తర్వాత కాశి, పండరిపురం, అరుణాచలం, రామేశ్వరం అన్నీ అయినయి. ఏ ఊరి దగ్గర బాత్రూములు శుభ్రంగ ఉంటయో, ఎవలకు ఘాట్ రోడ్డు మీద కడుపుల తిప్పుతదో, షుగరున్నోళ్లకు ఎన్నిగంటలకు తిండి పెట్టాల్నో ఆమెకు కాయితం చూడకుండనే ఎరుక. ఆమె భర్త కాశీనాథం గడియారాలు బాగుచేస్తడు. దేశమంత తిరిగే మనిషిని కట్టుకొని ఆయన మాత్రం హైదరాబాదు దాటి ఎన్నడూ పోలే. ప్రయాణమంటేనే ఆయనకు పడదు.

యాభై ఎనిమిదేండ్లు వచ్చినంక బాలలక్ష్మికి ఒక ముచ్చట మనసుల పడ్డది. ఇన్నేండ్లల్ల తను ఏ ఊరినీ నిమ్మళంగ చూడలే. కాశీల గంగను చూసింది గానీ, చూస్తున్నంత సేపు మెట్ల మీద జారే ముసలమ్మల మీదనే కన్ను. ఒక్కసారన్న ఎవలో తీసుకపోతుంటే తను ఊరికే కిటికీ పక్కన కూసోవాలని ఆశ పుట్టింది. ఎవలకూ చెప్పలేదు.

దీపావళి పోయిన నాలుగు రోజులకు ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంట ఫోను చూస్తుంటే సాయిప్రసాదు పంపిన బొమ్మలు కనబడ్డయి. సాయిప్రసాదు హైదరాబాదుల ట్రావెల్స్ ఆఫీసు నడుపుతడు. రైలు టికెట్లు, దూరం ఊర్లల్ల గదులు అన్నీ ఆమెకు పదేండ్ల సంది అతనే బుక్ చేస్తడు. చైనా పోయేటోళ్లకు మళ్ల వీసాలు ఇస్తున్నరని, యాంగ్సీ నది మీద ఓడల నాలుగు రోజుల టూరు ఉన్నదని అందరికీ పంపినట్టే ఆమెకూ పంపిండు. బాలలక్ష్మి వేలితోని పైకి జరుపుకుంట పోయి ఒక బొమ్మ కాడ ఆగింది. పెద్ద సిమెంటు బురుజు లోపట, నీళ్లు నింపిన తొట్టిల ఒక ఓడ నిలబడి ఉన్నది.

ఆమె కోడలు మనీష ప్రైవేటు బడిల ఇంగ్లీషు చెప్తది. బాలలక్ష్మి పిలిచి కింద రాసింది చదువుమన్నది. అది డ్యామ్ అని, ఆ డ్యామ్ దాటనీకి ఓడను నీళ్లతోనే సహా లిఫ్టుల పెట్టి ఎత్తుతరని మనీష చెప్పింది. బాలలక్ష్మి ఒలిచిన చిక్కుడుకాయలు పక్కకు జరిపింది. ఓడ ఎంత బరువుంటది, ఎంతసేపు పడుతది, ఎక్కినోళ్లు లోపటనే ఉంటరా దిగుతరా అని ఒకటెనుక ఒకటి అడిగింది. మనీషకు అవేవీ తెల్వయి. వంట ఆనాడు రెండు గంటలైనంక అయింది.

వారం తిరగకముందే ఆమె బస్సెక్కి సాయిప్రసాదు ఆఫీసుకు పోయింది. ఎప్పటిలెక్కనే ఏదో బ్యాచ్ కోసం వచ్చిందనుకొని అతను చాయ తెప్పిచ్చిండు. ఈసారి బ్యాచ్ లేదు, నా కోసమే వచ్చిన అని ఆమె చెప్పంగనే అతను కుర్చీల సర్దుకొని కూసున్నడు. మూడు ఓడల కాయితాలు ముందల పరిచిండు. అందరూ తీసుకునేది మొదటిది. ఆరంతస్తులు, ఈతకొలను, సినిమా హాలు ఉంటయి. చోంగ్‌చింగ్ అనే పట్నంల ఎక్కితే ప్రవాహం వెంబడి కిందికి వచ్చి నాలుగో రోజు యీచాంగ్‌ల దింపుతది. రెండోది దానికంటె జర చిన్నది. మూడోది పాతది. అది యీచాంగ్ నుంచి ఎదురు ప్రవాహంల పైకి పోతది. అయిదు రోజులు పడుతది. దాంట్ల ఈతకొలను లేదు, దాన్ని ఎవలూ పెద్దగ తీసుకోరని అతనే చెప్పిండు.

బాలలక్ష్మి మొదటి కాయితం మీద ఓడ లిఫ్టు బొమ్మకు వేలు పెట్టింది. "ఈ ఆరంతస్తుల ఓడ గీ లిఫ్టుల పడుతదా?"

పడుతదనే అన్నడు సాయిప్రసాదు. బొమ్మల ఉన్న ఓడకు మూడంతస్తులే ఉన్నయి గదా అన్నదామె. అతను జర సేపు బొమ్మను చూసి ఎవలకో ఫోన్ చేసిండు. పెద్ద ఓడలు లిఫ్టుల పట్టవని, మెట్లు మెట్లుగ ఉన్న గేట్లల్లకెళ్లి గంటల కొద్ది మెల్లగ దిగుతయని, లిఫ్టు ఎక్కాల్నంటే చిన్న పడవకు వేరే టికెట్ కొనాలని తేలింది. సాయిప్రసాదు దాపరికం లేని మనిషి. తనకూ తెల్వదని ఒప్పుకొని, ఇక మీదట అందరికీ ఈ సంగతి ముందే చెప్పాలని రాసిపెట్టుకున్నడు.

ఆమె ఇంక ఆగలేదు. ఒడ్డుకు దిగినచోటల్ల ఎన్ని మెట్లుంటయి, మోకాళ్లు నొప్పులున్నోళ్లను ఏం చేస్తరు, ఒక గైడు చేతి కింద ఎంతమంది, జ్వరమొస్తే ఓడల డాక్టరు ఉంటడా, రోజూ అన్నం దొరుకుతదా. తను ఇరవై రెండేండ్లు ఎవలెవలకో చెప్పిన జవాబులన్నీ ఇప్పుడు ప్రశ్నలై వచ్చినయి. సాయిప్రసాదు సగం చెప్పిండు, సగం కనుక్కుంట అన్నడు. ఎప్పుడు పోతే మంచిదంటే అక్టోబరు అన్నడు. మే, జూన్ల పోవద్దు, అప్పుడు డ్యామ్ నీళ్లు వదిలిపెడుతరు, నది కిందికి పోతది, ఒడ్డు మీదికి ఎక్కుడు కష్టమైతది అన్నడు.

"ఎంత కిందికి పోతది?"

"ముప్పై మీటర్లంట. పదంతస్తుల బిల్డింగు అనుకోండ్రి."

బాలలక్ష్మి చాయ గ్లాసు కింద పెట్టింది. అంత నీళ్లు తగ్గితే అడుగున మునిగినయి బయటికి కనబడతయా అని అడిగింది. సాయిప్రసాదుకు తెల్వదు. అయితే తెలిసినోళ్లతోని మాట్లాడించుమన్నది. నిమ్మళంగ పోయే ఆ పాత ఓడ మీద గైడు ఎవలో కనుక్కొని, వాళ్లతోని ఫోన్ల మాట్లాడినంకనే ఏదన్నా తేలుస్త అని చెప్పి బస్సు టైమైందని లేచింది.

ఒక్కతే అంతదూరం పోవుడు ఎట్ల అని ఇంట్ల ప్రశ్న లేచింది. కాశీనాథం రానని ముందే చెయ్యూపిండు. నువ్వు పోయిరా, నాకు వచ్చినంక చెప్పు, సగం నేను చూసినట్టే అయితది అన్నడు. అప్పుడు బాలలక్ష్మికి కొండవ్వ యాదికొచ్చింది. కొండవ్వది కుకునూరుపల్లి. మగడు తాటిచెట్లెక్కి కల్లు గీస్తడు, ఆమె వ్యవసాయం చూసుకుంటది. బాలలక్ష్మి వేసిన ఏ టూరూ ఆమె వదులుకోలే. ఇంకో రెండేండ్లకు సరిపడ టూర్లకని చీటీ కట్టుకుంటనే ఉన్నది. అడగంగనే వస్త అన్నది గానీ, కాశీల సుత తను పడవెక్కలేదని, నీళ్ల మీద తల తిరుగుతదేమోనని భయపడ్డది.

దానికి బాలలక్ష్మి ఒక ఉపాయం చేసింది. కొండవ్వను సిద్దిపేటకు పిలిచి కోమటి చెరువు కాడికి తీసుకపోయి బోటు ఎక్కిచ్చింది. మొదట కొండవ్వ రెండు చేతులతోని సీటు పట్టుకొని కండ్లు మూసుకున్నది. చెరువు నడుమకు వచ్చేసరికి ఒక కన్ను తెరిచింది. ఒడ్డు మీద నిలబడ్డోళ్లు చిన్నగ ఎట్ల కనబడతున్నరో చూసి రెండో కన్నూ తెరిచింది. బోటు ఒడ్డుకు చేరినంక అందరూ దిగిన్రు. కొండవ్వ మాత్రం కదలకుండ కూసొని ఇంకో సుట్టు తిప్పుమని బోటు పిల్లగాన్ని అడిగింది. ఆ సంగతి అక్కడికి తేలిపోయింది.

పదిహేను రోజులకు సాయిప్రసాదు ఆ గైడుతోని మాట్లాడే ఏర్పాటు చేసిండు. ఆదివారం పొద్దుగాల మనీష లాప్‌టాపు బల్ల మీద పెట్టింది. తెర మీద నలభై నాలుగేండ్ల ఆడమనిషి కనబడ్డది. పేరు లాన్. ఇంగ్లీషు మాట్లాడుతది. మనీష నడుమ కూసొని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది.

బాలలక్ష్మి ముందుగాల తిండి అడిగింది. అన్నం మూడు పూటలా ఉంటదని, తమ దిక్కు కూరల్ల కారం మస్తుగ వేస్తరని, బయటి దేశపోళ్లు తట్టుకోలేకపోతరని లాన్ కొద్దిగ ఆలోచించుకుంట చెప్పింది. పక్కన కూసున్న కొండవ్వ మొఖం ఎలిగిపోయింది. మెట్ల సంగతి, గదుల సంగతి, కిటికీల సంగతి అన్నీ అయినయి. లాన్ ప్రతి ప్రశ్నకూ జవాబు రాసి పెట్టుకున్నట్టే చెప్పింది. ఆఖరుకు నవ్వి, మీరు ఏం పని చేస్తరని అడిగింది. నీ పనే అని బాలలక్ష్మి చెప్పంగనే ఇద్దరి మాటల తీరు మారింది. ఎవలో ఒకలు బస్సుల సామాను మర్చిపోయి దిగిపోవుడు, తిన్నదే మళ్ల పెట్టిన్రని అలిగేటోళ్లు, ఇటు ముచ్చట్లకు అటు ముచ్చట్లు సరితూగినయి.

అప్పుడు బాలలక్ష్మి తను అడగాలనుకున్నది అడిగింది. నీళ్లు తగ్గినప్పుడు ఏం కనబడతయి? లాన్ తనది నది ఒడ్డున వూషాన్ అనే ఊరని, తనకు ఇరవై ఒక్క ఏడు ఉన్నప్పుడు పాత ఊరంత నీళ్ల కిందికి పోయిందని, పైన గుట్ట మీద కొత్త ఊరు కట్టిచ్చిన్రని చెప్పింది. ఎండకాలం ఆఖరుకు నీళ్లు తగ్గితే కొన్నేండ్లు తమ గల్లీ పై మెట్లు బయటికొస్తయట. కొన్నేండ్లు రావట.

"ఆ జాగ మీదికెళ్లి ఓడ పోయేటప్పుడు నువ్వేం చెప్తవు?" అన్నది బాలలక్ష్మి.

"ఎడమ దిక్కు చూడండ్రి, ఈ నీళ్ల కింద మా గల్లీ ఉండేది అని మైకుల చెప్త. సగం మంది చూస్తరు. సగం మంది నాష్టా చేస్తుంటరు."

"ప్రతిసారి చెప్తవా?"

"ఒక్కసారి చెప్పకుండ ఊకున్న. ఆనాడు పొద్దూకేదాకా ఏదో మర్చిపోయినట్టే ఉండె."

బాలలక్ష్మి కొంగు సదురుకున్నది. "మా తల్లిగారి ఊరు సుత మల్లన్న సాగర్ల మునిగింది. నా బస్సు అటు దిక్కు పోయినప్పుడల్ల గవేం నీళ్లని అడుగుతరు. డ్యామ్ అని చెప్పి అటుకులు పంచుత. ఇంకేం చెప్పలే."

మనీష ఈ మాట ఇంగ్లీషుల చెప్పనీకి కొంచెం సేపు పట్టింది. ఊరు మునిగిన సంగతి ఆమెకు తెలుసు. బస్సుల సంగతి తెల్వదు. లాన్ విని, మీ ఇంట్ల ఏముండేదని అడిగింది. ఆ మాట బాలలక్ష్మిని ఇంతదాకా ఎవలూ అడగలేదు. ఎంత పైసలొచ్చినయి, ఎక్కడ ప్లాటిచ్చిన్రని అడిగినోళ్లే అందరూ. ఆమె ఆలోచించి, తమ నాయినకు పిండి గిర్ని ఉండేదని, గిర్ని చప్పుడైతేనే ఊళ్లె అందరికీ కరెంటొచ్చిందని తెలిసేదని, ఆడోళ్లు జొన్నల గిన్నెలు పట్టుకొని ఉరుకుతుండిరని చెప్పింది. లాన్ నవ్వుకుంట విన్నది. మే ఆఖరున రండ్రి, నీళ్లు బాగ తగ్గుతయని చెప్పింది.

ఆ సాయంత్రమే బాలలక్ష్మి సాయిప్రసాదుకు ఫోన్ చేసి పాత ఓడనే, మే నెల ఆఖరుకే అని చెప్పింది. ఉక్కపోస్తది, వానలు పడుతయి, మీకెందుకమ్మా అని అతను నచ్చజెప్ప చూసిండు. ఆమె ఇనలే. ఈ సంగతి వాడకట్టుల తెలిసి ఎనిమిది మంది ఆడోళ్లు మేమూ వస్తం, నువ్వే తీసుకపో అని ఇంటికొచ్చిన్రు. వాళ్లకు సాయిప్రసాదు నంబరు ఇచ్చి, ఈసారి నేను తీసుకపోను, నన్నే తీసుకపోతున్నరు అని పంపించింది. వీసా కాయితాల మీద పుట్టిన ఊరు రాసే కాడ మనీష పెన్ను ఆపి ఆమె దిక్కు చూసింది. పాస్‌పోర్టుల మునిగిన ఊరి పేరే ఉన్నది గదా, అదే రాయుమన్నది బాలలక్ష్మి.

అనుకున్నట్టే మే ఆఖరున బాలలక్ష్మి, కొండవ్వ పోయిన్రు. లాన్‌తోని మాట్లాడనీకి, తెలుగును చైనా మాటల్ల చెప్పే యాప్‌ను మనీష ముందే ఫోన్ల వేసిచ్చింది. రెండు విమానాలు మారి, ఒక రైలెక్కి యీచాంగ్ చేరిన్రు. డ్యామ్ కాడ చిన్న పడవెక్కి లిఫ్టుల పైకి లేస్తుంటే కొండవ్వ గోడ మీద గీతలు చూసుకుంట ఎంత ఎత్తు లేచినమో లెక్కపెట్టింది. బాలలక్ష్మి దేన్నీ లెక్కపెట్టలేదు. అందరూ ఎక్కిన్రా అని ఒకసారి తల తిప్పబోయి, లాన్ అదే పని మీద ఉన్నదని చూసి మళ్ల ముందుకు తిరిగింది.

మూడోనాడు పొద్దుగాల వూషాన్ వచ్చింది. రెండు పక్కల నిలువు గుట్టలు, నడుమ ఆకుపచ్చ నీళ్లు. ఒడ్డు ఎంబడి నీళ్లు తగ్గిన మేర మట్టి రంగు పట్టీ పరిచినట్టున్నది. లాన్ మైకుల చెప్పుకుంట చెయ్యి చాపింది. బురద పట్టిన రాతి మెట్లు ఏడెనిమిది ఒడ్డు మీదికి ఎక్కి ఉట్టిగనే ఆగిపోయి ఉన్నయి. ఆ మెట్లు ఏ ఇంటికి పోయేటియని బాలలక్ష్మి అడిగింది. సోయా పెరుగు అమ్మేటోళ్ల కొట్టుకు, దాని మీదికెళ్లి బడికి అని లాన్ ఫోన్ల మాట్లాడి ఆమె ఒక్కదానికే వినబడేటట్టు చెప్పింది.

కొండవ్వ ఓడ రెయిలింగు పట్టుకొని చాలాసేపు ఆ మెట్లనే చూసింది. ఈ నీళ్లు పొలాలకు పోతయా అని అడిగింది. ఎక్కువగ కరెంటుకే అని లాన్ చెప్పింది. కొండవ్వ తల ఊపి బాలలక్ష్మి దిక్కు తిరిగింది.

"అక్కా, మా పొలానికొచ్చే కాలువ నీళ్లు మీ ఊరిని ముంచినయేనా?"

"అవే."

"ఇన్నేండ్ల సంది నీ బస్సుల తిరుగుతున్న. ఒక్కసారి చెప్పకపోతివి."

ఓడ మలుపు తిరిగింది, మెట్లు గుట్ట చాటుకు పోయినయి. లోపట నాష్టాకు గంట కొట్టిన్రు. అందరూ లేచి పోయిన్రు, వీళ్లిద్దరే మిగిలిన్రు. కొండవ్వ ఆమె పక్కన జరిగి కూసొని, మీ ఊళ్లె ఎన్ని ఇండ్లుండె, మొదటి ఇల్లు ఎవలది అని అడిగింది. బాలలక్ష్మి ఊరి మొదటికెళ్లి మొదలువెట్టి, ఒక్కో ఇంటి పేరు చెప్పుకుంట పోయింది.