సుద్దముక్కతో వేసిన ఫుట్‌పాత్

మా మేడమీది బాబాయిగారు పోయిన నెల నిద్రలోనే వెళ్లిపోయారు. ఆ కబురు ఇంకా గుమ్మం దాటకముందే స్టీలు సామాన్ల కొట్టాయన మా ఇంటికొచ్చి, "అక్కా, ఇయ్యాల సారు రాలేదేంది? రోడ్డు మీద సుద్దగీత గూడ లేదు" అన్నాడు. నేను ఏడ్చేశాను.

అశోక్‌నగర్‌లో ఆయన ఇంట్లో మేం కిరాయికి దిగి పంతొమ్మిదేళ్లు. ఆయనది గుంటూరు వైపు, మాది ఇక్కడే. ఉద్యోగం చేసినన్నాళ్లూ నగరం ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇంట్లోనూ అదే వరస. నా ముగ్గులో చుక్క పక్కకు జరిగితే మెట్లు దిగుతూ ఆగి, "అమ్మాయ్, ఎడమవైపు అర అంగుళం" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయన వెళ్లాక సరిచేసుకునేదాన్ని.

నాకు షుగర్ వచ్చి డాక్టరు నడవమన్నప్పుడు, "యాడ నడవాలె బాబాయిగారూ? బండ్లన్నీ మీదికే వస్తయి" అని మొరపెట్టుకున్నాను. మర్నాడు ఒక కాగితం తెచ్చిచ్చారు. చిక్కడపల్లి సందుల్లోంచి నారాయణగూడ దాకా ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ రోడ్డు దాటాలో, ఏ అరుగు మీద కూర్చోవచ్చో, అన్నీ సన్నని పెన్సిల్ గీతల్లో. ఇవాళ నా షుగర్ అదుపులో ఉందంటే ఆ కాగితం చలవే. గ్రంథాలయానికి వెళ్లే దారి ఒక్కటే ఖాళీగా వదిలారు.

"ఇదేంది, మర్చిపోయిన్రా?"

"అక్కడ ఫుట్‌పాత్ లేదమ్మా. ఉండేది. రోడ్డు వెడల్పు చెయ్యాలని పైవాళ్లు చెబితే రబ్బరు పెట్టి చెరిపింది నేనే. అర నిమిషం పట్టలేదు." కాగితం మీది ఆ ఖాళీని వేలితో తడుముతూ అన్నారు: "సగం జబ్బులు మా డ్రాయింగ్ బోర్డు మీదే పుట్టాయమ్మాయ్."

ఆ మాట ఎవరి గురించో నాకు తెలుసు. పిన్నిగారు రోజూ గ్రంథాలయానికి నడిచి వెళ్లి, వారపత్రికలన్నీ తిరగేసి వచ్చే మనిషి. ఫుట్‌పాత్ పోయాక ఒకసారి ఆటో తగిలి పడ్డారు. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. ఇక మేడ దిగలేదు. కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి, బీపీ వచ్చింది, మాటలు తగ్గిపోయాయి. ఆయన్ని మాత్రం ఒక్క మాటా అనలేదు. అదే ఆయన్ని తినేసింది.

రిటైరయ్యాక అర్జీలు పెట్టి పెట్టి విసిగి, ఒక పొద్దున సుద్దముక్క పట్టుకుని బయల్దేరారు. కొట్లు తెరవకముందే ఆ దారి పొడుగునా, షట్టర్లకు నాలుగడుగుల దూరంలో గీత గీసేవారు. దాని లోపల మనుషులే నడవాలని, సామాన్లూ బండ్లూ పెట్టొద్దని బతిమాలేవారు. మొదట్లో నవ్వారు, తిట్టారు, నీళ్లు చల్లి తుడిచేశారు. "ఎందుకు పరేషాన్ చేస్తరు సార్?" అని స్టీలు కొట్టాయనైతే గొడవకే వచ్చాడు. ఈయన మర్నాడు మళ్లీ గీసేవారు. మూడేళ్లు! ఆ మొండితనానికి చివరికి వాళ్లే లొంగారు. బిందెలు కొట్లలోకి, బండ్లు గీత అవతలికి జరిగాయి. బడిపిల్లలు గీత లోపలే నడిచి వెళ్తుంటే చూసి ఈయన పొంగిపోయేవారు. పిన్నిగారు మాత్రం రాలేదు. రోజూ ఇంటికొచ్చి సుద్ద చేతులు కడుక్కుంటూ ఈయన "వస్తావా?" అని అడిగేవారు. "రేపు చూద్దాం లెండి" అనేవారావిడ.

కర్మలన్నీ అయ్యాక, మొన్న పొద్దున మెట్ల మీద చప్పుడైంది. పిన్నిగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నారు. "గ్రంథాలయం దాకా తోడొస్తావా అమ్మాయ్?" అన్నారు.

మలుపు తిరిగేసరికి స్టీలు కొట్టాయన నడుం వంచి రోడ్డు మీద గీత గీస్తూ కనిపించాడు. మమ్మల్ని చూసి సిగ్గుపడి లేచాడు.

"సీదా వస్తలేదమ్మా. సారు ఎట్ల గీసెటోరో ఏమో."

పిన్నిగారు నా భుజం మీంచి చెయ్యి తీశారు.

"నేను నడుస్తా నాయనా. నా పక్కనే గీసుకుంటూ రా."

ఆవిడ ఒక్కో అడుగూ వేస్తూ ముందుకు వెళ్తుంటే, కొట్టాయన ఆ చెప్పుల పక్కనే సుద్దముక్క జరుపుకుంటూ, వంగి వంగి నడిచాడు.