మూడు కాళ్ల నక్క

నా చిన్నప్పుడు బోధన్ దగ్గరి మా ఊళ్లో చెరుకు ఇంటి వెనక గోడ దాకా వచ్చేది. పొద్దుగూకితే చాలు, అందులోంచి నక్కలు కూసేవి. ఇప్పుడు ఆ చేలన్నీ వరి మళ్లయ్యాయి. నక్క కూత విని ఎన్నేళ్లయిందో కూడా గుర్తు లేదు. నా మనవలు ఫోన్లో ఆ కూత పెట్టి, నాకు వినిపించి నవ్వుతుంటారు. నాకు నవ్వు రాదు. మా తాతను, మా పక్కింటి అవ్వను, మా ఇంట్లోని ఇనుప బోనును తలుచుకుంటే నాకు ఏ నక్క మీదా నవ్వు రాదు.

బోను అనగానే కటకటాల పెట్టె అనుకుంటారు ఈ కాలం పిల్లలు. మాది వేరు. రెండు ఇనుప దవడలు, వాటి నడుమ అరచేయంత రేకు, కింద స్ప్రింగులాంటి ఒక కమాను. రేకు మీద అడుగు పడితే దవడలు లేచి కాలిని పట్టేస్తాయి. రేకు పక్కన చిన్న మర ఉండేది, పనితనమంతా దానిలోనే. మర వదులుగా ఉంటే పందికొక్కు తొక్కినా బోను పడిపోతుంది, అంటే దవడలు మూసుకుంటాయి. మరీ బిగిస్తే నక్క దర్జాగా తొక్కుకుంటూ పోతుంది. మా తాత రేకు మీద బెల్లం ముద్దలు పెట్టి చూసేవాడు. చిన్న ముద్దకు కదలకూడదు, పెద్ద ముద్దకు ఠక్కున పడాలి. అది కుదిరేదాకా మరను అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవాడు. చివరికి ఆ బెల్లం నాకే దక్కేది కాబట్టి బోను సరిచేసే రోజంటే నాకు పండగే.

పక్కింటి అవ్వ ఒంటరి మనిషి. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతురు వర్నిలో అత్తగారింట్లో ఉండేది. అవ్వ బీడీలు చుట్టి బతికేది గానీ చూపు మందగించి ఆ పనీ పోయింది. ఇక మిగిలింది రెండు మేకలు, వాటి పిల్లలు. అల్లుడి ఇంటికి పోయి కూర్చోకుండా, తన గుడిసెలో తన చేతి గంజి తాగి పోవాలన్నదే ఆవిడ పంతం. ఆ పంతానికి ఆధారం ఆ మేకలే. ఒక చలికాలం నక్క దొడ్లో జొరబడి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. తెల్లారేసరికి అవ్వ మా వాకిట్లో నిలబడి ఉంది.

"అన్నా, నీ బోను వెట్టరాదె. ఇవి గూడ పోతే నేనేం దిని బతకాలె?" అంది.

తాత ఆ సాయంత్రమే అవ్వ దొడ్డి వెనక, చెరుకు గట్టు మీద బోను పెట్టాడు. పొద్దున్నే చూడటానికి పోతుంటే నేనూ వెంట పడ్డాను. బోను పడి ఉంది. అందులో నక్క లేదు, నక్క పాదం ఒక్కటే ఉంది. తన కాలిని తానే కొరికి తెంపుకుని పోయింది. తాత దవడలు విప్పి ఆ పాదాన్ని బయటికి తీశాడు. నన్ను ఇంటికి పంపి పసుపు తెప్పించాడు. మా వైపు ఏ గాయానికైనా ముందు పసుపే. దెబ్బ తగిలిన పిల్లకు అద్దినట్టు ఆ పాదానికి పసుపు అద్ది, గుంట తీసి పూడ్చాడు. గాయమేమో చెరుకులో ఎక్కడో రక్తం కారుస్తూ తిరుగుతోంది, పసుపేమో ఇక్కడ మట్టిలో కలిసింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బోనును కాలువలో కడిగి మళ్లీ అక్కడికే తీసుకుపోయాడు. అవ్వ తన దొడ్డి దగ్గర నిలబడి చూస్తోంది. తాత మర తిప్పాడు, దవడలు తెరిచాడు, పైన సన్నమట్టి చల్లాడు. నేను పక్కకు జరగబోయి గట్టు మీద జారాను. నా కాలు సరిగ్గా ఆ మట్టి మీదే పడింది. పాదం కింద రేకు తగిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ బోను పడలేదు.

తాత నన్ను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. "భయపడకు బిడ్డ. మర గట్టిగ బిగించిన. ఇగ గది ఏ కాలునూ పట్టది" అన్నాడు, అవ్వకు వినబడకుండా.

మరి అవ్వ మేకల సంగతేంటి అని అడిగాను. "వాటిని నేను సూసుకుంట" అన్నాడు.

చూసుకున్నాడు కూడా. మా ఊరికి కాలువ నీళ్లు వంతుల మీద వచ్చేవి. రాత్రిపూట మనిషి పార పట్టుకుని పోతుంటే నీళ్లు కట్టడానికే అనుకుంటారు, ఎవరూ ఏమీ అడగరు. తాత ఆ సాకు పట్టుకున్నాడు. రోజూ గొంగడి కప్పుకుని పోయి తెల్లవార్లూ అవ్వ దొడ్డి వెనక కూర్చునేవాడు. అలికిడి అయితే పారను రాయికేసి కొట్టేవాడు. అవ్వేమో అంతా బోను చలవే అనుకుంది. పొద్దున్నే చెంబుతో మేకపాలు తెచ్చి, నీ బోను పుణ్యమే అని తాతకు ఇచ్చేది. ఆయన ఆ పాలు ముట్టకుండా నాకు పోసేవాడు. నేను తాగుతూ మా తాతను చూసి మురిసిపోయేదాన్ని. ఇటు నక్కకు ప్రాణం మిగిల్చాడు, అటు మేకలను కాపాడాడు, ఎవరికీ చెప్పుకోలేదు. మంచితనమంటే ఇదే అని గట్టిగా నమ్మాను.

ముసలి ఒంటిని చలి ఊరికే వదులుతుందా? తాత జ్వరంతో మంచం పట్టాడు. రాత్రయితే లేచి పార ఇమ్మనేవాడు. మా నాన్న అది జ్వరం మాటలనుకుని, మన వంతు కాదులే అని పడుకోబెట్టేవాడు. ఆ రోజుల్లోనే నక్క మళ్లీ వచ్చింది. ఒక పిల్లను పట్టుకుపోయింది, మిగతా పిల్లలను గొంతు కొరికి వదిలేసింది. పెనుగులాటలో గాయపడిన పెద్ద మేక కూడా మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

దొడ్డి బయట తడిమట్టిలో అడుగులున్నాయి. ఊరివాళ్లంతా వంగి చూశారు. మూడు కాళ్ల అడుగులు. కుందేలును తరమలేని నక్క కట్టేసి ఉన్న మేకల మీదికి రాక ఇంకెక్కడికి పోతుంది? బోను మీది మట్టిలో కూడా ఒక అడుగు స్పష్టంగా ఉంది. దాన్ని కుంటిదాన్ని చేసింది ఆ బోనే, దానికి దారి వదిలిందీ ఆ బోనే.

మిగిలిన ఒక్క మేకను అమ్మేసి అవ్వ వర్నికి ప్రయాణమైంది. అల్లుడు బండి కట్టుకుని వచ్చాడు. తాత జ్వరం పూర్తిగా తగ్గకుండానే కర్ర పట్టుకుని అవ్వ వాకిట్లోకి పోయాడు, నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. అవ్వే ముందు మాట్లాడింది. "నీ తప్పేం లేదన్నా. నా నసీబే గిట్లున్నది" అంది. అప్పుడు తాత దాచుకోలేకపోయాడు. మర బిగించిన సంగతి, రాత్రుళ్లు కాపలా కూర్చున్న సంగతి, అంతా చెప్పేశాడు. అవ్వ శాపనార్థాలు పెడుతుందని నేను తాత వెనక నక్కాను. పెట్టినా బాగుండేది.

అవ్వ చేతిలోని మూట బండిలో పెట్టింది. "నాకొక్క మాట జెప్తే, నీకు పాణం మంచిగ లేనప్పుడు నేను కావలి పండకపోదునా అన్నా" అని బండెక్కింది.

మరుసటి వానాకాలం రాకముందే వర్నిలో అవ్వ పోయిందని కబురు వచ్చింది. తిండికి లోటు చేయలేదట. కానీ ఎవరితోనూ మాట్లాడేది కాదట. తాత ఆ తర్వాత బోను ముట్టలేదు, మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన జాలి పడటం తప్పని నేను ఇప్పటికీ అనను. తన నిద్ర ఇచ్చాడు, తన ఒళ్లు ఇచ్చాడు, అవి ఆయనవే. మేకలు మాత్రం ఆయనవి కావు.

అందుకే నేను ఎవరి మీదైనా దయ చూపాలనుకున్నప్పుడు, దానివల్ల నష్టపోయేది ఎవరో చూసి ముందు వాళ్లను అడుగుతాను. చాలాసార్లు వద్దనే అంటారు. అవ్వను అడిగి ఉన్నా వద్దనే అనేదేమో, మర వదులు చేయమనేదేమో. అప్పుడు ఆ నక్క చచ్చేది, తాత ఇంకోలా కుమిలిపోయేవాడు. ఎవరూ ఏడవని దారి ఒకటి ఉందా అని ఇన్నేళ్లూ వెతికాను, నాకు కనబడలేదు. కానీ అడిగి ఉంటే, అవ్వ తన గుడిసెలో, తన కుక్కి మంచం మీద కన్ను మూసేది.