అలెన్ దొర గ్లాసు కడిగిన రోజు

1946. అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో సీమసారా అమ్మే ఒక ఏజెన్సీలో ట్రావెలర్‌ని. అంటే శాంపిల్ సీసాల పెట్టె మోసుకుంటూ జిల్లాల్లో దుకాణాలు తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడిని. పేరు చూసి ఏదో గొప్ప కొలువనుకునేరు, సగం బతుకు బస్సుల్లోనే గడిచింది.

ఆ ఏడు మా విస్కీ అసలు యజమాని అలెన్ దొర స్కాట్లాండు నుంచి స్వయంగా వచ్చాడు. కైరో, కేప్‌టౌన్, రంగూన్ అన్నీ తిరిగి, తన సరుకు తన చేత్తోనే పోసి రుచి చూపించే మనిషి. ఆయనను సిద్దిపేట తీసుకుపొమ్మని మా మేనేజరు నాకు పురమాయించాడు. "అక్కడ దుకాణం కుదిరితేనే ఆ లైను ఉంటుంది. లేకుంటే నువ్వు వేరే కొలువు చూసుకో" అని తెగేసి చెప్పాడు. ఇంట్లో నా భార్య నిండు చూలాలు. దారి పొడుగునా నేను వేరే కొలువుల లెక్కలే వేసుకున్నాను. దొర మాత్రం తాటిచెట్లకు కట్టిన కుండలు చూసి ముచ్చటపడుతూ కూర్చున్నాడు.

సిద్దిపేటలో కల్లు, సారా దుకాణాల గుత్తేదారు రాజయ్య గౌడ్. ఊళ్లో అధికారులకూ దేశ్‌ముఖులకూ సీమసారా అమ్మాలన్నా ఆయన ఒప్పుకోవాలి. ఆయన, భార్య లచ్చవ్వ మాకు వాకిట్లో మంచాలు వేశారు.

దొర సీసా తెరిచి నోజింగ్ మొదలుపెట్టాడు. నోజింగ్ అంటే తాగేముందు గ్లాసులో ముక్కు పెట్టి వాసన పట్టడం. పాత వాసన పోవడానికి ముందు గ్లాసులో కాస్త విస్కీ పోసి, గిర్రున తిప్పి పారబోస్తారు. దొర అలాగే తిప్పి మట్టిమీద ఒంపాడు.

లచ్చవ్వ చటుక్కున చేతులు జోడించింది.

"సూడు, దొర గూడ సాక పోసిండు!" అన్నాడు రాజయ్య, ముఖమంతా వెలుగై. సాక అంటే తొలి చుక్కలు ఎల్లమ్మ తల్లి పేర నేలకు వదలడం. కల్లు గీసేవాళ్ల ఇళ్లలో అది కాకుండా ఎవరి గొంతులోనూ చుక్క దిగదు. "నర్సిములూ, గాళ్ల దేశంల గూడ ఎల్లమ్మ ఉన్నదా? అడుగు" అని నా వైపు తిరిగాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అవునంటే చాలు, ఆర్డరు చేతికి వచ్చినట్టే. దొరకు సంగతి ఇంగ్లీషులో వివరించి, "అవునని చెప్పేయమంటారా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు. గ్లాసు కడిగానని చెప్పు. ఆమె దణ్ణం పెట్టింది, దానిమీద అబద్ధమాడలేను."

ఓరి దేవుడా, ఈయనకేం, రేపు ఓడెక్కి పోతాడు! లోపల తిట్టుకుంటూనే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాజయ్య చేతిలో గ్లాసు మంచం కోడు దగ్గర పెట్టేశాడు. లచ్చవ్వ ముఖం చిన్నబోయింది.

దొర లేచి సీసా తీసుకుపోయి రెండు చేతులా లచ్చవ్వకు అందించాడు. "మీ తల్లికి ఎలా పోయాలో నాకు తెలియదు. మీరే పోయండి" అన్నాడు. నేను చెప్పాను.

ఆమె మొగుడి వైపు చూసి, చెంగు నెత్తిన కప్పుకుని, ఎల్లమ్మను తలుచుకుంటూ నేలమీద పోసింది. అప్పుడు రాజయ్య గ్లాసందుకుని ఒక్క గుక్క మింగి ముఖం వికారంగా పెట్టాడు. "థూ! పొయ్యిల నీళ్లు పోసినట్టున్నది. గిది ఎట్ల తాగుతున్రయ్యా?"

అయిపోయింది, నా కొలువు ఊడింది అనుకున్నాను.

"ఓ పది పెట్టెలు పంపు" అన్నాడు రాజయ్య.

"నచ్చలేదంటివి గదనే రాజన్నా!" అన్నాను.

"నాకు నచ్చుడెందుకు? తాగేటోళ్లు తాగుతరు. దొర ఒక్క అబద్ధమాడితే బేరం అయితుండె, అయినా ఆడలే. గసుంటి మనిషి సీసాల నీళ్లు కలుపడు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అదే పెట్టె మోశాను. రుచి గురించి నేను చెప్పే గొప్పలు దుకాణదారులు సగమే వింటారు, మిగతా సగం నా ముఖమే చూస్తుంటారని నాకు తెలిసింది ఆ వాకిట్లోనే. సిద్దిపేట వెళ్లొచ్చిన నెలలోనే నాకు కూతురు పుట్టింది. ఎల్లమ్మ అని పేరు పెడితే నా భార్య ఎందుకని అడిగింది. మన పొయ్యి ఆరకుండా కాచిన తల్లి అని చెప్పాను.